టీ-72 గురించి, 73 ఈస్టింగ్ యుద్ధం గురించి కొన్ని సవరణలు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా, ఇరాక్‌ల మధ్య జరిగిన ‘73 ఈస్టింగ్’ ట్యాంకుల పోరు మీద వచ్చిన వ్యాసం చదివాం. ఇటువంటి విషయానికి తెలుగులో ఒక పేజీ మొత్తం కేటాయించినందుకు సంతోషం. అయితే వ్యాసం తేల్చింది ఒక్కటే: అమెరికా ట్యాంకు గొప్పది, ఇరాక్ వాడిన రష్యా టీ-72 ఉత్త డబ్బా, అందుకే 23 నిమిషాల్లో పని అయిపోయింది అని. మన సైన్యంలో ‘అజేయ’ పేరుతో నడుస్తున్నది ఆ టీ-72 రకమే. దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు నుంచి సైన్యంలోకి వెళ్ళే పిల్లలు రేపు దాంట్లో గన్నర్లుగా, డ్రైవర్లుగా కూర్చోవాల్సినవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు. డబ్బా అన్న మాట చదివిన ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఆర్మర్డ్ కోర్‌లోనూ (ట్యాంకు దళం), ఈఎంఈలోనూ (సైన్యం బండ్లు, ఆయుధాలు బాగుచేసే విభాగం) పనిచేసి వచ్చినవాళ్ళం కాబట్టి, అక్కడ ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో వివరంగా చెప్పాలనిపించింది. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే సాంకేతిక వివరాలు మాత్రం ఉంచండి.

ముందుగా పటం సంగతి. వ్యాసంతో పాటు వేసిన బొమ్మలో 73 ఈస్టింగ్‌ను ఒక ఊరిలాగా చుక్క పెట్టి చూపించారు. అక్కడ ఊరు లేదు. కువైట్‌కు పడమట ఉన్న ఆ ఇరాక్ ఎడారిలో గుర్తు చెప్పుకోవడానికి చెట్టూ పుట్టా ఏమీ ఉండవు. అందుకని సైనిక పటం మీద కిలోమీటరుకొకటి చొప్పున ఉండే నిలువు గీతలనే హద్దులుగా వాడుకున్నారు. వాటినే ఈస్టింగ్‌లు అంటారు. పడమటి నుంచి తూర్పుకు అంకెలు పెరుగుతాయి. 70 గీత దగ్గర ఆగమంటే అక్కడ ఆగాలి. 73 గీత దానికి మూడు కిలోమీటర్లు తూర్పున. ఈ మూడు కిలోమీటర్లలోనే అసలు కథంతా జరిగింది.

ఇప్పుడందరి చేతిలో ఉన్న జీపీఎస్ అప్పట్లో ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. ఉపగ్రహాలు పూర్తి సంఖ్యలో లేక రోజులో కొన్ని గంటలు సంకేతం సరిగా అందేది కాదు. రిసీవర్లు ప్రతి ట్యాంకుకూ దక్కలేదు. మిగతావాళ్ళు కంపాస్ చూసుకుని, మీటరు మీద కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ నడవాల్సిందే. అంత ఇనుము పక్కన కంపాస్ ముల్లు నిజం చెప్పదు. బండి దిగి, దూరంగా నడిచి వెళ్ళి దిక్కు చూసి రావాలి. ఈ పని ఇసుక గాలిలో, రాత్రి పూట, గంటకొకసారి చేయాలంటే ఓపిక కావాలి. ఆ ఓపిక లేని దళం ఎడారిలో తన సొంత దళం మీదికే వెళ్ళి నిలబడుతుంది.

1991 ఫిబ్రవరి 24న నేల యుద్ధం మొదలైంది. లెఫ్టినెంట్ జనరల్ ఫ్రెడరిక్ ఫ్రాంక్స్ నాయకత్వంలోని అమెరికా ఏడో కోర్‌కు ముందు నడిచింది రెండో ఆర్మర్డ్ కావల్రీ రెజిమెంట్. కావల్రీ అంటే వేగు దళం. శత్రువు ఎక్కడున్నాడో వెతికి పట్టుకోవడం, పట్టుకున్నాక కదలకుండా చేయడం, వెనుక వచ్చే పెద్ద డివిజన్లకు దారి వదలడం దాని పని. ఎదురుగా ఉన్నది రిపబ్లికన్ గార్డ్‌కు చెందిన తవకల్నా డివిజన్. ఇరాక్ సైన్యంలో మంచి ఆయుధాలు, మంచి జీతాలు ఉన్న దళాల్లో అదొకటి. అంటే ముందు వరసలో పారిపోయిన బక్క దళాల్లాంటిది కాదు. వీళ్ళు నిలబడి పోరాడారు. ఇరాకీలు ఒక్క గుండూ పేల్చకుండా పరుగెత్తారని మీ వ్యాసం రాసింది. అది సరికాదు, చనిపోయినవాళ్ళ పట్ల న్యాయమూ కాదు.

ఫిబ్రవరి 26 మధ్యాహ్నం నుంచి ఇసుక దుమారం. కంటికి కిలోమీటరు దూరం కూడా ఆనని పరిస్థితి. విమానాలు, హెలికాప్టర్లు పెద్దగా సాయపడలేని వాతావరణం. కాబట్టి ‘విమానాలు కొట్టి పెడితే ట్యాంకులు వెళ్ళి లెక్కపెట్టుకున్నాయి’ అన్న వాక్యం కూడా ఈ యుద్ధానికి అతకదు. కెప్టెన్ హెచ్.ఆర్. మెక్‌మాస్టర్ నడిపిన ఈగిల్ ట్రూప్ అనే దళంలో 9 ఎం1ఏ1 (అమెరికా ఎం1 రకం) ట్యాంకులు, సైనికులను మోసే డజను బ్రాడ్లీ కవచ బండ్లు ఉన్నాయి. అప్పటిదాకా బ్రాడ్లీలు ముందు, ట్యాంకులు వెనుక. కొన్ని ఇళ్ళున్న చోటు నుంచి కాల్పులు రాగానే ఆయన ట్యాంకులను ముందుకు తెచ్చి, తన ట్యాంకు మధ్యలో ముందుండేలా బాణం మొన ఆకారంలో తొమ్మిదింటినీ నడిపించాడు. సాయంత్రం నాలుగు దాటాక ఒక చిన్న మిట్ట ఎక్కేసరికి అవతలి వాలులో టీ-72లు వరసగా కనిపించాయి. మొదటిది సుమారు 1,420 మీటర్ల దూరంలో ఉంది. మెక్‌మాస్టర్ ట్యాంకు ఒక్కటే పది సెకన్ల ప్రాంతంలో మూడింటిని కొట్టింది. 23 నిమిషాల్లో ఆ ట్రూప్ 28 ట్యాంకులు, 16 సిబ్బంది వాహనాలు, 30 లారీలు ధ్వంసం చేసిందని అమెరికా లెక్క. ఈ అంకెలు మీ వ్యాసంలోనూ ఉన్నాయి. లేనిదల్లా దానికి కారణం.

ఇరాక్ సేనాని ఎంచుకున్న చోటు తప్పు కాదు. మిట్ట అవతలి వాలులో ట్యాంకులు దాచాడు. మిట్ట ఎక్కిన శత్రువు ఒక్కొక్కడుగా తల ఎత్తుతాడు, ఎత్తినవాణ్ణి అందరూ కలిసి కొట్టవచ్చు. ముందు మందుపాతరలు, వెనుక రిజర్వు ట్యాంకులు. కాగితం మీద ఇది ఏ సైనిక పాఠశాలలోనైనా మార్కులు పడే ఏర్పాటు. పాడైంది మూడు చోట్ల.

మొదటిది, మిట్ట మీద కాపలా లేదు. అవతలి వాలులో దాక్కున్నవాడికి మిట్ట ఇవతల ఏం జరుగుతుందో కనిపించదు కాబట్టి, రెండు మూడు కిలోమీటర్ల ముందుకు చిన్న కాపలా జట్లను పంపి, టెలిఫోన్ తీగో రేడియోనో ఇచ్చి కూర్చోబెట్టాలి. వాళ్ళు శబ్దం వినగానే కబురు చెప్తే ఐదు నిమిషాలు దొరుకుతాయి. ట్యాంకు సిబ్బందికి ఐదు నిమిషాలు చాలు. ఇక్కడ ఆ కబురు రాలేదు. వారాల తరబడి విమాన దాడుల భయంతో చాలామంది సిబ్బంది ట్యాంకు వదిలి పక్కన బంకర్లలో ఉంటున్నారు. ట్యాంకే విమానానికి గురి కాబట్టి అలా ఉండటంలో తప్పు పట్టలేం. కానీ పిలిచేవాడు లేకుండా బంకర్‌లో కూర్చుంటే, బయటికొచ్చి, ఎక్కి, ఇంజన్ లేపి, గన్ తిప్పేలోగా పక్క ట్యాంకు మండుతూ ఉంటుంది.

రెండోది, గుంట తవ్విన తీరు. ట్యాంకును నేలలోకి దింపాలి. టీ-72 మొత్తం ఎత్తు 2.2 మీటర్లే, ఒకటిన్నర మీటరు దాకా దింపితే టరెట్ (గన్ ఉండి గుండ్రంగా తిరిగే పై భాగం) మాత్రమే పైన కనిపిస్తుంది. తవ్విన మట్టిని దూరంగా తీసుకెళ్ళి చల్లేయాలి. టీ-72 ముందు భాగంలో తన గుంట తానే తవ్వుకునే బ్లేడు కూడా ఉంటుంది. అక్కడ చాలా చోట్ల లోతుగా తవ్వకుండా ట్యాంకు చుట్టూ ఇసుక కుప్ప పోసి ఊరుకున్నారు. ఆ కుప్ప రెండు విధాల చేటు చేస్తుంది. చదునైన ఎడారిలో ‘ఇక్కడ ట్యాంకు ఉంది’ అని దూరం నుంచే చెబుతుంది. ఇక ఆపుతుందా అంటే ఆపదు. సెకనుకు 1,575 మీటర్ల వేగంతో గొట్టం వదిలే సన్నటి బరువు లోహపు బాణం ఇసుక గోడనూ ట్యాంకునూ ఒకే ఊపులో దూసుకుపోతుంది.

అవతలి వాలు ఎంచుకున్నవాడికి ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ రాయరు. టీ-72 గన్‌ను కిందికి వంచగలిగేది ఆరు డిగ్రీల చిల్లరే. ఎం1కు పది డిగ్రీలు. మిట్ట మీద నుంచి కిందికి కొట్టాలంటే గన్ ఎంత వంగితే ట్యాంకు అంత తక్కువగా బయటపడుతుంది. టీ-72 అయితే ముందు వాలు మీదికి ఇంకాస్త జరిగి ఒళ్ళు చూపించాల్సిందే. అందుకే టీ-72కు గుంట కొలత, నేల వాలు, గన్ కోణం ముందే చూసి ఉంచుకోవాలి. యుద్ధం మొదలయ్యాక సరిచేసుకుందామంటే కుదరదు.

మూడోది చూపు. అందరూ చెప్పే కారణం ఇదే, సగం నిజం కూడా ఇదే. ఎం1ఏ1 గన్నర్ థర్మల్ సైట్‌లోంచి చూస్తాడు. అది వెలుతురును కాకుండా వేడిలో తేడాను చూపిస్తుంది. ఇంజన్ ఆపిన ట్యాంకు కూడా పక్కనున్న ఇసుకంత వేడో చల్లదనమో ఉండదు. ఇనుము ఒకలా, ఇసుక ఒకలా వేడెక్కి చల్లారతాయి. దుమ్ములోంచి ఆ తేడా కనిపిస్తుంది. ఆ నాటి ఇరాక్ టీ-72లకు ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ దీపం వెలిగించి చూసే పాత పద్ధతి సైట్. అది రాత్రి పూట 800 మీటర్ల ప్రాంతం దాకా పనికొస్తుంది. దీపం వెలిగించినవాడు మాత్రం అంతకంటే చాలా దూరం నుంచి దొరికిపోతాడు. పగటి దుమారంలో అదీ లేదు, కన్నే దిక్కు. అవతలి గన్ మెరుపు చూసి దాని వైపు పేల్చారు, గుండ్లు చాలావరకు ముందే నేల మీద పడ్డాయి.

అయితే థర్మల్ సైట్ కనిపించేలా చేస్తుంది, తగిలేలా చేయదు. తగలడం వెనుక ఉన్న పని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు కాబట్టి కాస్త ఆగి చెప్తాం.

గన్ గొట్టం చూసే దిక్కు, సైట్ చూసే దిక్కు ఒకటి కావాలి. దీన్ని బోర్‌సైటింగ్ అంటారు. తెలిసిన దూరంలో, ఎం1కు మామూలుగా 1,200 మీటర్లలో, పదునైన మూలలున్న ఒక గురి పెడతారు. గొట్టం మూతికి బోర్‌సైట్ పరికరం బిగించి, లోపల్నుంచి చూస్తూ గన్‌ను ఆ మూల మీదికి తెస్తారు. తర్వాత గన్ కదలకుండా, గన్నర్ తన సైట్ గుర్తును అదే మూల మీదికి తిప్పి కంప్యూటర్‌లో భద్రం చేస్తాడు. పగటి సైట్‌కు ఒకసారి, థర్మల్‌కు ఒకసారి, పక్కనున్న మెషిన్‌గన్‌కు ఒకసారి. ఒక మిల్ (కోణానికి చిన్న కొలత) తేడా వస్తే వెయ్యి మీటర్ల దగ్గర ఒక మీటరు పక్కకు పోతుంది. 1,400 మీటర్ల దగ్గర మీటరున్నర దాకా. గుంటలో దిగిన ట్యాంకు టరెట్ ఎత్తు మీటరు కూడా పైకి కనిపించదు. లెక్క మీరే చూసుకోండి.

పొద్దున చేసిన బోర్‌సైట్ మధ్యాహ్నానికి ఉండదు. ఎండ ఒక పక్క పడితే గొట్టం ఆ పక్క వ్యాకోచించి కంటికి తెలియనంత వంగుతుంది. అందుకే గొట్టానికి తొడుగు వేస్తారు. పది గుండ్లు వరసగా పేలిస్తే లోపలి వేడికి మళ్ళీ వంగుతుంది. గొట్టం చివర చిన్న రిఫరెన్స్ పరికరం ఉంటుంది, గన్నర్ తన సీట్లోంచే దాన్ని చూసి తేడా సరిచేస్తాడు. గుండును తోసే మందు ఉష్ణోగ్రత కూడా కంప్యూటర్‌కు చెప్పాలి; చలికి మందు నెమ్మదిగా కాలి గుండు వేగం తగ్గుతుంది. లేజర్ దూరం చూపిస్తుందని నమ్మి ఊరుకోకూడదు. దట్టమైన దుమ్ము ముందే లేజర్‌ను తిప్పికొట్టి ఏ 400 మీటర్లో చూపిస్తుంది. బుర్ర పెట్టే గన్నర్ ఆ అంకెను కొట్టిపారేసి, ముందే పెట్టుకున్న దూరంతో పేలుస్తాడు. ఇవన్నీ చేసే చేతులు నెలల తరబడి ఇదే పని చేసి ఉండాలి.

గుండు పేలే క్రమం చూడండి. కమాండర్ గురి చూసి ‘గన్నర్, సాబో, ట్యాంక్’ అంటాడు. సాబో అంటే పైన చెప్పిన లోహపు బాణం గుండు. గన్నర్ సైట్‌లో దొరకగానే ‘ఐడెంటిఫైడ్’ అంటాడు. లోడర్ మోకాలితో స్విచ్ నొక్కితే మందుగుండు అరను మూసిన ఉక్కు తలుపు పక్కకు జరుగుతుంది. 20 కిలోల పైచిలుకు రౌండును లాగి, తిప్పి, గొట్టంలోకి తోసి, తాను పక్కకు తప్పుకుని ‘అప్’ అని అరుస్తాడు. ఈలోగా తలుపు మూసుకుంటుంది. ‘ఫైర్’. చేయి తిరిగిన లోడర్‌కు ఇదంతా ఐదారు సెకన్లు. టీ-72లో లోడర్ లేడు, యంత్రమే లోడ్ చేస్తుంది. గన్‌ను ఒక నిర్ణీత కోణానికి లేపి, ముందు గుండును, తర్వాత మందును వేరువేరుగా తోసి, మళ్ళీ గురి మీదికి దింపుతుంది. ఏడెనిమిది సెకన్లు పడుతుంది. తేడా చిన్నదే. మొదటి గుండు ఎవరిదన్నదే పెద్ద తేడా. 1,400 మీటర్లు దాటడానికి ఆ బాణానికి సెకను కూడా పట్టదు.

టీ-72 లోపాలు దాచిపెట్టం. లోపలి అడుగు భాగంలో గుండ్రటి చట్రంలో 22 రౌండ్ల గుండ్లు, మందు ఉంటాయి. ముగ్గురు సిబ్బందిలో కమాండర్, గన్నర్ దాని పైనే కూర్చుంటారు. అదొక ప్రమాదం. అంతకంటే పెద్ద ప్రమాదం, చట్రంలో పట్టక లోపల ఖాళీ ఉన్న చోటల్లా అమర్చిన అదనపు రౌండ్లు; కాలిపోయే గుణమున్న వాటి తొడుగుకు ఒక్క నిప్పు రవ్వ చాలు. ఒకటి అంటుకుంటే అన్నీ అంటుకుంటాయి, టరెట్ లేచి పక్కన పడుతుంది. దెబ్బలు తిని నేర్చుకున్న సిబ్బంది చట్రంలో ఉన్నవాటితోనే పోరుకు వెళ్తారు, అదనపువి వెనుక బండిలో ఉంచుకుంటారు. ఎం1లో రౌండ్లు చాలావరకు టరెట్ వెనుక అరలో, ఉక్కు తలుపు అవతల ఉంటాయి. అంటుకుంటే పైనున్న పలకలు ఊడి మంట ఆకాశంలోకి పోతుంది. ఇది మంచి ఏర్పాటు, కాదనేవాళ్ళెవరూ లేరు. ఆ నాడు ఇరాక్ వాడిన 125 ఎంఎం గుండ్లు పాత తరం ఉక్కు బాణాలన్నది కూడా కలిపి చూడాలి. ఎం1ఏ1 ముఖానికి అవి సరిపోయేవి కావు. కానీ పక్కకూ, వెనక్కూ, బ్రాడ్లీలకూ తగిలితే ఏమయ్యేదో ఎవరికైనా తెలుసు. తగలలేదు, అంతే.

మెక్‌మాస్టర్‌కు ఇచ్చిన హద్దు 70 గీత. ఆయన అక్కడ ఆగలేదు. ఆగితే వెనుకనున్న ఇరాక్ రిజర్వు ట్యాంకులకు తేరుకునే సమయం దొరికేది. రేడియోలో సంగతి చెప్పి, 73 దాటి వెళ్ళి, ఆ రిజర్వు ట్యాంకుల సిబ్బంది కదిలేలోగానే కొట్టాడు. వరసలో ముందున్న కెప్టెన్‌కు ఆ నిర్ణయాధికారం ఉండటం, వెనుకవాళ్ళు దాన్ని సమర్థించడం కూడా ఆ యుద్ధంలో ఒక భాగమే.

ఉత్తరాన ఉన్న ఘోస్ట్ ట్రూప్ కథ ఎందుకో ఎవరికీ పట్టదు. ఆ రాత్రి అందరికంటే ఎక్కువసేపు పోరాడింది వాళ్ళే. వాళ్ళ మీదికి ఇరాక్ ట్యాంకులు, బీఎంపీలు (సైనికులను మోసే రష్యా రకం కవచ వాహనాలు) మళ్ళీమళ్ళీ వచ్చాయి. బ్రాడ్లీలో ఉండే, ట్యాంకులను కొట్టే టీఓడబ్ల్యూ క్షిపణి 3,750 మీటర్ల దాకా పోతుంది, కానీ పేల్చాలంటే బండి ఆగాలి, తగిలేదాకా గన్నర్ గురి మీంచి కన్ను తిప్పకూడదు. దూరం ఎక్కువైతే అది ఇరవై సెకన్ల దాకా పట్టే పని. గొట్టాలు రెండే, తర్వాత చేత్తో నింపుకోవాలి. ఘోస్ట్ ఒక బ్రాడ్లీని పోగొట్టుకుంది, ఒక సైనికుడు చనిపోయాడు. చివరికి గుండ్లు అడుగంటి ఇంకో కంపెనీకి చోటు అప్పగించాల్సి వచ్చింది. ఆ రాత్రే అమెరికా మొదటి పదాతి డివిజన్ ఆ రెజిమెంట్ వరసల మధ్యలోంచి ముందుకు సాగింది. ‘నష్టం లేని యుద్ధం’ అన్న శీర్షిక ఘోస్ట్ ట్రూప్ ముందు నిలబడదు.

థర్మల్ సైట్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. అది దూరంలో ‘వేడి చుక్క ఉంది’ అని చెప్తుంది, అది మనదా వాళ్ళదా చెప్పదు. ఆ యుద్ధం మొత్తంలో అమెరికా సైనికులు 35 మంది తమవాళ్ళ గుండ్లకే చనిపోయారు. పటం మీద గీతలు, కంపాస్ చూసే ఓపిక ఎందుకు ముఖ్యమని పైన రాశామో ఈ అంకెలో ఉంది.

ఇక మరమ్మతు, ఇంధనం. ఎం1 ఇంజన్ 1,500 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్. ట్యాంకు నిండా సుమారు 1,900 లీటర్లు పడుతుంది. ఊరికే నిలబడి ఇంజన్ నడుస్తున్నా గంటకు 40 లీటర్ల వరకు తాగేస్తుంది. 9,500 లీటర్ల ఇంధన లారీ ఐదు ట్యాంకులను నింపగానే ఖాళీ. వందల ట్యాంకులు రోజూ పదుల కిలోమీటర్లు నడుస్తుంటే వెనుక ఎన్ని లారీలు, ఏ దారిలో, ఏ గంటకు రావాలన్నది ఎవరో ముందే కూర్చుని లెక్క కట్టారు. టర్బైన్‌కు గాలి విపరీతంగా కావాలి. ఎడారి దుమ్ము పొడిలాంటిది. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్ బలం తగ్గుతుంది, సీల్ సరిగా కూర్చోకపోతే దుమ్ము లోపలికి వెళ్ళి బ్లేడ్లను అరగదీస్తుంది, అప్పుడు ఇంజన్ మొత్తం దింపాల్సిందే. సౌదీలో నెలల తరబడి ఎదురుచూసిన కాలంలో సిబ్బంది ఆగిన ప్రతిచోటా చేసిన పని ఫిల్టర్లు తీసి దులపడం, సీల్ వేలితో తడిమి చూడటం. అవతల ఇరాక్ ట్యాంకులు విడిభాగాలు రాక, బాంబుల భయానికి నడపక, వారాల తరబడి గుంటల్లో పడి ఉన్నాయి. నడపని ట్యాంకు పాడవుతుంది. బ్యాటరీ దిగుతుంది, హైడ్రాలిక్ నూనె కారుతుంది, గన్ తిప్పబోతే తిరగదు.

మన ఎడారి యుద్ధం ఒకదానితో పోల్చి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ లోంగేవాలా ఠాణా మీదికి పాకిస్తాన్ నలభై పైచిలుకు ట్యాంకులతో వచ్చింది. మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గరున్నది 23వ పంజాబ్ బెటాలియన్‌కు చెందిన సుమారు 120 మంది, జీపు మీద ట్యాంకులను కొట్టే ఒక 106 ఎంఎం ఆర్‌సీఎల్ గన్. ఒక్క ట్యాంకు లేదు. కానీ సరిహద్దు స్తంభం దగ్గర లెఫ్టినెంట్ ధరమ్‌వీర్ గస్తీ జట్టు ఉంది. ఆ జట్టు రాత్రి ఇంజన్ల చప్పుడు విని కబురు చెప్పింది. 73 ఈస్టింగ్‌లో ఇరాక్‌కు లేనిది అదే. పాకిస్తాన్ దళం ముళ్ళ తీగ చూసి మందుపాతరలనుకుని ఆగింది, ఆగినంతసేపూ రాత్రి కరిగిపోయింది. తెల్లారగానే జైసల్మేర్ నుంచి మన హంటర్ యుద్ధ విమానాలు వచ్చాయి. పాకిస్తాన్‌కు విమాన రక్షణ లేదు. మెత్తటి ఇసుకలో తక్కువ గేరులో గంటల తరబడి నడిచిన పాకిస్తాన్ టీ-59 ట్యాంకుల ఇంజన్లు అప్పటికే వేడెక్కి ఉన్నాయి, కొన్ని దిగబడి ఉన్నాయి.

దిగబడటం గురించి మన రైతులకు చెప్పాల్సిన పని లేదు. వరి కోతల్లో చెమ్మ ఆరని మడిలో టైర్ల మిషన్ కూరుకుపోతే చైన్ మిషన్ నడుస్తుంది, ఎందుకంటే బరువు పరుచుకుంటుంది. 41 టన్నుల టీ-72 కూడా చదరపు సెంటీమీటరు నేల మీద ఒక కిలో లోపే మోపుతుంది. అలాంటి ట్యాంకు ఇసుకలో ఎందుకు చిక్కుతుందంటే, డ్రైవర్ గట్టిగా మలుపు తిప్పడం వల్ల. ఒక పక్క ట్రాక్ ఆగి, ఇంకో పక్క తిరిగితే ఇసుక స్ప్రాకెట్ పళ్ళ మధ్య ఇరుకుతుంది, ట్రాక్ జారి బయటికొస్తుంది. దాన్ని మళ్ళీ ఎక్కించడానికి సిబ్బంది మొత్తం కింద దిగాలి. గుండ్లు పడుతుంటే ఆ పని ఎవరు చేయగలరు? ఇసుకలో విశాలంగా, ఒకే వేగంతో, గేరు మార్చకుండా తిరగాలని డ్రైవర్‌కు మొదటి వారమే చెప్తారు.

కాబట్టి పిల్లలను అజేయ ట్యాంకుల్లోకి పంపిన ఇళ్ళవాళ్ళకు మేం చెప్పేది ఇది. 1991లో కాలినవి గుడ్డి టీ-72లు, కబురు అందని టీ-72లు, పాత గుండ్లున్న టీ-72లు. మన టీ-72లు అలా ఉండిపోలేదు. పేలుడు పలకల అదనపు కవచం వచ్చింది, వాటిలో కొన్నింటికి థర్మల్ సైట్లు వచ్చాయి, 2025 మార్చిలో 1,000 హార్స్‌పవర్ ఇంజన్ల కోసం రష్యా సంస్థతో రక్షణ శాఖ ఒప్పందం కుదుర్చుకుంది. అర్జున్ ట్యాంకుకు వేసిన కాంచన్ కవచం మన కాంచన్‌బాగ్‌లోని లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్‌లో పుట్టింది. బీఎంపీ-2 ‘శరత్’ వాహనాలు మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. ట్యాంకును చంపే క్షిపణులు కూడా మన హైదరాబాద్ సంస్థ బీడీఎల్ తయారుచేస్తుంది. థర్మల్ సైట్లు ప్రతి ట్యాంకుకూ ఇంకా త్వరగా రావాలన్నది మా గట్టి కోరిక, దాని గురించి మీ పత్రిక ఎంత రాసినా తక్కువే. రాయాల్సిన ఆందోళన అది.

మా ఇంకో విన్నపం. తెల్లవారుజామున నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రౌండ్లలో అగ్నివీర్ కోసం పరుగు తీసే పిల్లలు యుద్ధాన్ని ఫోన్ వీడియోల్లో చూసి, గన్ ఒక్కటే లోకమనుకుంటున్నారు. ఐటీఐలో డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివినవాళ్ళకు సైన్యంలో టెక్నికల్ విభాగం ఉంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఈఎంఈ కేంద్రం, ఆ విభాగం కాలేజీ ఎంసీఈఎంఈ మన గడప ముందే ఉన్నాయి. బోర్‌సైట్ చేసేది, ఫిల్టర్ సీల్ తడిమేది, థర్మల్ సైట్ విప్పి బాగుచేసేది ఇటువంటి చేతులే. మీ ఉద్యోగాల పేజీలో ఈ విభాగాల గురించి, వాటి అర్హతలు, పరీక్ష విధానంతో సహా ఒక వారం రాయండి.

చివరగా ఫోటో. ‘ధ్వంసమైన టీ-72’ అని వేసిన బొమ్మలో ఉన్నది టీ-55. నేల చక్రాలు లెక్కపెడితే తెలిసిపోతుంది. టీ-55కు పక్కకు ఐదు, మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఖాళీ కొట్టొచ్చినట్టు ఉంటుంది, గొట్టం మీద పొగ తీసే ఉబ్బు సరిగ్గా మూతి దగ్గర ఉంటుంది. టీ-72కు ఆరు చక్రాలు, ఆ ఉబ్బు మూతికి కాస్త వెనుక. ఎం1కు ఏడు చక్రాలు. టీ-55లు కూడా ఆ రోజు ఇరాక్ వైపు ఉన్నాయి కాబట్టి బొమ్మ తీసేయాల్సిన పని లేదు, కింది వాక్యం మారిస్తే చాలు.

ఇట్లు,
ఆర్మర్డ్ కోర్, ఈఎంఈ మాజీ సైనికులు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు